బిల్లు తప్పొస్తే ముందు మీటరు దగ్గరికి వెళ్లండి

(హనుమకొండలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో, విద్యుత్ రెవెన్యూ ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు మాట్లాడింది. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలున్నాయి. కరెంటు బిల్లు తెచ్చుకోమని చెప్పాం కదా, తెచ్చారా? తెచ్చినవాళ్లు బయటికి తీసి చేతిలో పట్టుకోండి. తేనివాళ్లు పక్కవాళ్ల బిల్లులో చూడండి, పరవాలేదు.

బిల్లు రాగానే మనం ముందు ఎక్కడ చూస్తాం? అట్టడుగున. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, అంతే. ఎక్కువొస్తే గుండె గుభేల్‌మంటుంది, లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం, ఆయన "నాకేం తెలుసు సార్, రీడింగ్ తీసేవాళ్లు వేరే" అంటాడు, ఆయన చెప్పింది కూడా నిజమే, రీడింగ్ తీసేది కాంట్రాక్టు మనిషి. అక్కడితో మన పోరాటం అయిపోతుంది, తిట్టుకుంటూ కట్టేస్తాం. నేను సీట్లో కూర్చున్న అన్నేళ్లూ కౌంటర్ అవతల చూసింది ఇదే. న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, చేతిలో మాత్రం ఏమీ ఉండదు. బిల్లు కాగితం కూడా తీసుకురారు కొందరు.

అందుకే ఇవాళ అడుగున ఉన్న అంకె వదిలేద్దాం. బిల్లు మధ్యలో చూడండి. గత రీడింగ్, దాని తేదీ, ప్రస్తుత రీడింగ్, దాని తేదీ, యూనిట్లు, మీటర్ స్టేటస్, కేటగిరీ, లోడ్. కనబడుతున్నాయా? అక్షరాలు చిన్నవే, పెద్దవాళ్లు పిల్లల చేత చదివించుకోండి. తప్పు ఎప్పుడొచ్చినా ఈ నాలుగైదు గడుల్లోనే వస్తుంది. అడుగున ఉన్న మొత్తం వీటి నుంచి పుట్టిందే. "బిల్లు ఎక్కువొచ్చింది" అంటే ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది ఫిర్యాదు కాదు, బాధ. "ప్రస్తుత రీడింగ్ తప్పు" అనండి, అప్పుడు పెన్ను తీస్తారు.

ఒక లెక్క చెప్తాను, శ్రద్ధగా వినండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

గత రీడింగ్ 8412 అనుకోండి. ఈ నెల మీటర్‌లో 8586 ఉంది. అంటే 174 యూనిట్లు. గృహజ్యోతి, అంటే ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం, ఉన్న ఇల్లయితే 200 లోపే కాబట్టి జీరో బిల్లు రావాలి. రీడింగ్ తీసే అబ్బాయి ఎండలో, హడావిడిలో 8586కి బదులు 8856 అని కొట్టాడు. అయిదు, ఎనిమిది తారుమారయ్యాయి, అంతే. యూనిట్లు 444 అయ్యాయి. ఇప్పుడున్న రేట్లలో లెక్క కట్టండి. 200 దాటితే మొదటి 200 యూనిట్లకి 5 రూపాయల 10 పైసల చొప్పున 1020. తర్వాతి వందకి 7.70 చొప్పున 770. ఆ తర్వాతి వందకి 9 చొప్పున 900. మిగిలిన 44కి 9.50 చొప్పున 418. మొత్తం 3108 రూపాయలు, ఇంకా ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, సుంకం కలపలేదు. సున్నా కట్టాల్సిన ఇంటికి మూడు వేల పైచిలుకు. ఎందుకు? రెండు అంకెలు అటూ ఇటూ అయినందుకు.

ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు, ఆఫీసులోనే అంటారు, "వచ్చే నెల సర్దుకుంటుంది లేమ్మా, యూనిట్లు ఎక్కడికీ పోవు కదా" అని. ఈ మాట నమ్మకండి. దయచేసి నమ్మకండి. యూనిట్లు సర్దుకుంటాయేమో గానీ స్లాబు, అంటే వాడిన యూనిట్లను బట్టి మారే రేటు, సర్దుకోదు. మన తెలంగాణలో 200 యూనిట్లు అనేది గోడ లాంటిది. గోడకి ఇవతల 200 వాడితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, అంటే 820. గోడ దాటి ఒక్క యూనిట్, 201 వాడారనుకోండి, మొదటి నుంచీ 5.10 పడుతుంది, 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు తేడా. తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఆ ఒక్క యూనిట్ విలువ వెయ్యి పైనే, ఎందుకంటే 200 వరకు సున్నా, 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. ఈ నెల 444 వేసి వచ్చే నెల తక్కువ వేస్తే రెండు నెలల యూనిట్లు సమానం అవుతాయి, మీ డబ్బులు మాత్రం సమానం కావు.

2020 లాక్‌డౌన్ గుర్తుందా? మార్చి తర్వాత రీడింగ్‌కి ఎవరూ రాలేదు, అంతకుముందు ఏడాది అదే నెలలో ఎంతొచ్చిందో అంత కట్టమన్నారు, జూన్‌లో వచ్చి మొత్తం రీడింగ్ ఒకేసారి తీసి నెలలకు పంచారు. ఊరూరా గొడవ. అప్పుడు కౌంటర్ ముందు బారులు తీరిన జనం అడిగింది ఇదే, మా యూనిట్లు మావే, ఒప్పుకుంటాం, కానీ ఏ నెలవి ఏ నెలలో వేశారు? అది సరైన ప్రశ్న. అందుకే రీడింగ్ తేదీలు చూడమంటున్నాను. నెలకు తీయాల్సిన రీడింగ్ ముప్పై అయిదు రోజులకు తీస్తే, 190 దగ్గర ఆగాల్సిన ఇల్లు 200 దాటుతుంది. మీ బిల్లులో రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో ఇప్పుడే లెక్కపెట్టండి. ఎక్కువ రోజులుంటే స్లాబు దానికి తగ్గట్టు వేశారా లేదా అని రాసి అడగండి.

సరే, మళ్లీ మన 8856 దగ్గరికి రండి. బిల్లు చేతికి రాగానే ఏం చెయ్యాలి? ఫోన్ కాదు. మీటరు దగ్గరికి వెళ్లండి. బిల్లులో ఉన్న మీటర్ నంబరూ, మీటరు మీద ఉన్న నంబరూ ఒకటేనా చూడండి. అపార్ట్‌మెంట్లలో ఇది చాలా ముఖ్యం, కింద సెల్లార్‌లో వరుసగా ఇరవై మీటర్లుంటాయి, మీ ఫ్లాటు వైరు పక్కవాళ్ల మీటర్‌కి పోయి ఉండొచ్చు, వాళ్లది మీకు వచ్చి ఉండొచ్చు. మీ మెయిన్ ఆపేసి మీ మీటరు లైటు ఆగిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. తర్వాత మీటరు తెర చూడండి. అంకెలు మారుతూ ఉంటాయి, ఒకసారి ఓల్టేజీ, ఒకసారి లోడ్, ఒకసారి యూనిట్లు. పక్కన కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పుడు కనిపించేదే యూనిట్లు. కేవీఏహెచ్ అని ఇంకోటి వస్తుంది, అది కాదు. కేడబ్ల్యూహెచ్ వచ్చినప్పుడు ఫోటో తీయండి, మీటర్ నంబరు కూడా అదే ఫోటోలో పడాలి.

ఇప్పుడు వినండి. బిల్లు వచ్చిన నాలుగు రోజులకు ఫోటో తీశారు, 8611 ఉంది. బిల్లులో ఏముంది? 8856. మీటరు వెనక్కి తిరగదు కదా! నాలుగు రోజుల కిందట 8856 ఉన్న మీటరు ఇవాళ 8611 ఎలా చూపిస్తుంది? ఆ ఒక్క ఫోటో చాలు, ఇంక వాదన అక్కర్లేదు. కానీ ఆ ఇల్లు రోజుకి దాదాపు ఆరు యూనిట్లు వాడుతుంది, నెలన్నర గడిస్తే మీటరు 8856ని దాటేస్తుంది. దాటాక ఫోటో తీసి ఏం లాభం? సాక్ష్యం కరిగిపోయినట్టే. అందుకే "తీరిక చూసుకుని వెళ్దాంలే" అనకండి. అసలు ప్రతి నెలా రీడింగ్ తీసిన రోజు ఒక ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఇంట్లో పదో తరగతి పిల్లాడు ఉంటే వాడికి అప్పజెప్పండి.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు... ఆ, మంచి ప్రశ్న. రీడింగ్ సరిగ్గానే ఉంది, కానీ మీటరే ఎక్కువ తిరుగుతోందని అనుమానం. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీటరు ముఖం మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. అంటే 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. ముందు ఇంట్లో అన్నీ ఆపి మెయిన్ కూడా దించేయండి. లైటు ఆగిపోవాలి. ఆగలేదంటే మీ మీటరు మీద ఇంకెవరిదో కరెంటు నడుస్తోంది, లేదా మీటరు దగ్గరే ఏదో లోపముంది. ఆగిపోయిందా, మంచిది. ఇప్పుడు మెయిన్ వేసి, మిగతావన్నీ ఆపి, నీళ్లు కాచుకునే రాడ్ ఉంటుంది కదా, 1000 వాట్లది, అది ఒక్కటే బకెట్లో పెట్టి వేయండి. ఐరన్ బాక్సు వద్దు, అది మధ్యలో తనంతట తాను ఆగిపోతుంది. గడియారం చూస్తూ ఒక నిమిషం మిణుకులు లెక్కపెట్టండి. 53 దాకా రావాలి. ఓల్టేజీ తక్కువుంటే నలభైల్లో రావచ్చు. ఎనభై, తొంభై వచ్చాయంటే మాత్రం వదలొద్దు, మీటర్ టెస్టింగ్ కావాలని రాసివ్వండి. పిల్లల్ని బకెట్ దగ్గరికి రానివ్వకండి, నీళ్లు ముట్టుకోకండి, జాగ్రత్త.

మెయిన్ వేసి, స్విచ్‌లన్నీ ఆపాక కూడా మీటరు తిరుగుతుంటే ఇంట్లో వైరింగ్ లీకేజీ ఉందన్నమాట. కొన్ని మీటర్ల మీద దానికి వేరే లైటు కూడా వెలుగుతుంది. పక్కింటి న్యూట్రల్‌తో మన న్యూట్రల్ కలిసినా కొన్ని మీటర్లు ఎక్కువ చూపిస్తాయి, పాత ఇళ్లల్లో, వాటాలు పంచుకున్న ఇళ్లల్లో ఇది చూశాను. అది డిస్కం, అంటే మనకు కరెంటిచ్చే పంపిణీ సంస్థ, తప్పు కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, మీటరు సీలు మాత్రం ఎవరూ ముట్టుకోకండి. తెలిసిన ఎలక్ట్రీషియన్ "నేను చూస్తా అన్నా" అన్నా ఒప్పుకోకండి. సీలు పగిలిందంటే మీ న్యాయమైన ఫిర్యాదు అక్కడే చచ్చిపోతుంది, పైగా కరెంటు దొంగతనం కేసు మీ మీదికే వస్తుంది.

మీటర్ మీద అనుమానమని రాసిస్తే వాళ్లు ఏం చెయ్యాలి? కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో మీటరు పరీక్షించాలని అందులో ఉంది. 2024లో దానికి సవరణ చేశారు, రీడింగ్‌కీ వాడకానికీ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. చెక్ మీటర్ అంటాం మేం. ఇది అడగండి, పేరు పెట్టి అడగండి, చెక్ మీటర్ కావాలని. ఇంకోటి, ఇంటికి తాళం ఉందని యావరేజీ బిల్లు వేయడం ఉంది చూశారూ, అలాంటి అంచనా బిల్లులు ఏడాదికి రెండుకి మించి ఇవ్వకూడదు. మీ బిల్లులో స్టేటస్ దగ్గర డోర్ లాక్ అని నెలల తరబడి వస్తోంది, మీరేమో ఇంట్లోనే ఉన్నారు, అప్పుడు ఊరుకోవచ్చా? ఏడాది తర్వాత అసలు రీడింగ్ తీసి అంతా ఒకేసారి నెత్తిన పెడతారు. ఆ టెన్షన్ మీకెందుకు?

తప్పు కాని వాటి గురించి కూడా ఒక నిమిషం. ఏసీడీ అని వందలు, వేలు కలిపి వస్తుంది ఒక్కోసారి, అడిషనల్ కన్సంప్షన్ డిపాజిట్. అది బిల్లు కాదు, మీ పేరు మీద ఉండే డిపాజిట్, పోయినేడాది సగటున రెండు నెలల బిల్లుకి సరిపడా మీ డిపాజిట్ లేకపోతే ఆ తేడా అడుగుతారు, దానికి ఏటా వడ్డీ కూడా ఇవ్వాలి. వడ్డీ బిల్లులో పడిందా లేదా చూసుకోండి, అది మీ హక్కు. ఆంధ్రలో ఉన్న మన చుట్టాలు ఇంధన సర్దుబాటు ఛార్జీల గురించి అడుగుతుంటారు, అది ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి, నిబంధనల ప్రకారం అందరికీ వేసేది, మీ ఒక్కరి బిల్లులో తప్పు కాదు, దాని మీద ఈఆర్‌సీ బహిరంగ విచారణల్లో మాట్లాడాలి గానీ సెక్షన్ ఆఫీసులో కాదు.

కాగితం ఎక్కడ ఇవ్వాలి, ఏం రాయాలి

ఇక అసలు సంగతి. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ నంబరు లేకుండా ఫోన్ పెట్టేయకండి. తర్వాత కాగితం. తెల్ల కాగితం చాలు. సర్వీసు నంబరు, ఫోన్ నంబరు, ఏ నెల బిల్లు. "బిల్లులో ప్రస్తుత రీడింగ్ 8856 అని ఉంది, ఫలానా తేదీన మీటరులో 8611 ఉంది, ఫోటో జతచేశాను, మీటరు తనిఖీ చేసి బిల్లు సవరించగలరు." అయిపోయింది. మీ కష్టాలు, మీ ఆయన జీతం, ఇవేవీ రాయకండి, రాస్తే అసలు అంకెలు అందులో మునిగిపోతాయి. రెండు కాపీలు రాయండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. "స్టాంపు లేదు, రేపు రండి" అంటే రిజిస్టర్ పోస్టులో పంపండి.

ఎవరికివ్వాలి? మన ఏరియా కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి ఇవ్వండి. ఏఈ వచ్చి మీటరు చూసి రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టు మీద బిల్లు మార్చేది ఈఆర్ఓలో, అంటే విద్యుత్ రెవెన్యూ ఆఫీసులో ఉండే అకౌంట్స్ అధికారి, ఏఏఓ అంటారు. ఇది చాలామందికి తెలియదు, ఏఈ చూసి "సరే తప్పే" అన్నాడని ఇంటికెళ్లిపోతారు, అక్కడ ఫైలు కదలదు, వచ్చే నెల బిల్లులో పాత బకాయితో సహా వస్తుంది. కాబట్టి ఏఈ రిపోర్టు ఈఆర్ఓకి వెళ్లిందా అని కనుక్కోండి, ఈఆర్ఓకి మీరే వెళ్లి మీ కాపీ చూపించండి. సవరించిన బిల్లు చేతికొచ్చేదాకా పని అయినట్టు కాదు.

ఈలోగా డబ్బు కట్టాలా? కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు కదా? అందరి భయం ఇదే, ఈ భయంతోనే తప్పు బిల్లులు కట్టేస్తున్నాం. 2003 విద్యుత్ చట్టం, సెక్షన్ 56. రాసుకోండి, యాభై ఆరు. బకాయి ఉందని కరెంటు కట్ చేయాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి పూర్తిగా 15 రోజులు ఆగాలి. బిల్లు మీద వివాదం ఉందనుకోండి, అభ్యంతరం తెలుపుతూ డబ్బు జమ చేయొచ్చు. ఎంత? వాళ్లు అడిగినంతా, లేదా గత ఆరు నెలల్లో మీరు కట్టిన సగటు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. అంతవరకు కడితే వివాదం తేలేదాకా కరెంటు తీయడానికి వీల్లేదు. ఇది నేను చెప్పే మాట కాదు, చట్టంలో ఉన్న మాట. యాప్‌లో అంత తక్కువ కట్టనివ్వకపోతే ఈఆర్ఓలో దరఖాస్తు ఇచ్చి, సెక్షన్ 56 కింద ఆరు నెలల సగటు అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రాసి కట్టండి. అసలేమీ కట్టకుండా కోపంతో కూర్చోకండి, అప్పుడు చట్టం మీకు తోడు రాదు.

అక్కడా పని కాలేదనుకోండి. సీజీఆర్ఎఫ్ ఉంది, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక. ప్రతి డిస్కంకీ ఉండాల్సిందేనని అదే చట్టంలో సెక్షన్ 42 చెబుతోంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీరే వెళ్లి మీ కాగితం, మీ ఫోటో చూపించుకోవచ్చు. ఫిర్యాదు తేల్చడానికి 45 రోజులకు మించకూడదని 2020 నియమాల్లో ఉంది. వాళ్ల ఆర్డర్ నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్, అంటే ఆ వేదిక పైన ఫిర్యాదు వినే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు, ఎన్ని రోజుల్లో వెళ్లాలో ఆర్డర్ చివరే రాసిస్తారు, ఆ గడువు దాటనివ్వకండి. నేను చూసినంతలో ఫోటో, స్టాంపు వేసిన కాపీ ఉన్నవాళ్ల ఫైళ్లు వేదికదాకా వెళ్లడం తక్కువ, సీజీఆర్ఎఫ్ అనే మాట కాగితంలో కనబడగానే ఈఆర్ఓలోనే సవరించేస్తారు.

పాత బాకీల గురించి పెద్దాయన అడిగారు. మూడేళ్ల కిందట కేటగిరీ (ఇల్లా, దుకాణమా అన్నది) తప్పు వేశాం, ఇప్పుడు తేడా కట్టండి అని ఆఫీసు నుంచి నోటీసు వచ్చిందట. సెక్షన్ 56లోనే రెండో భాగం ఉంది, బాకీ మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే, ఆ బాకీని ప్రతి బిల్లులో చూపిస్తూ వస్తే తప్ప వసూలు చేయకూడదు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. అజ్మీర్ డిస్కం కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, బిల్లు ఇచ్చిన రోజే బాకీ పుట్టినట్టు, పొరపాటు తర్వాత బయటపడితే అదనపు డిమాండ్ నోటీసు ఇవ్వొచ్చు, కోర్టు ద్వారా వసూలుకి వెళ్లొచ్చు, అయితే దాని కోసం కరెంటు కట్ చేయడం కుదరదని. కాబట్టి పెద్దాయనా, నోటీసు చింపేయకండి, కట్టేయకండి కూడా. ఏ కాలానికి, ఏ లెక్కన అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి.

ఇంట్లో టైలరింగ్ చేసుకునే అక్కలకు ఒక మాట. మీకు వచ్చిన కాగితం మీద సెక్షన్ 126 అని ఉంటే అది మామూలు బిల్లు తగాదా కాదు, అనధికార వాడకం, అంటే ఇంటి కనెక్షన్‌ని వేరే పనికి వాడారని అంచనా వేశారన్నమాట. దానికి సీజీఆర్ఎఫ్ పనికిరాదు. ముందు వచ్చేది తాత్కాలిక ఆర్డరే, దాని మీద అభ్యంతరం వెంటనే రాసివ్వాలి. ఊరుకుంటే అది ఫైనల్ ఆర్డర్ అవుతుంది, ఆ తర్వాత అప్పీలుకి వెళ్లాలంటే సగం డబ్బు ముందే కట్టాలి. అలాంటి కాగితం వస్తే ఆ రోజే ఎవరికైనా తెలిసినవాళ్లకి చూపించండి, నాకైనా చూపించండి.

సరే, మైకు ఇచ్చేస్తాను, వాటర్ ట్యాంకు విషయం మాట్లాడాలట. బిల్లులు తెచ్చినవాళ్లు సమావేశం అయ్యాక ఈ టేబుల్ దగ్గరికి రండి, తెల్ల కాగితాలు, కార్బన్ ఉన్నాయి, ఇక్కడే రాసేద్దాం. వచ్చేముందు ఎవరికి వారు ఇంటికి ఫోన్ చేసి మీటరు ఫోటో తెప్పించుకోండి, కేడబ్ల్యూహెచ్ కనబడేలా, మీటర్ నంబరుతో సహా. అది లేకుండా నేను కాగితం రాయించను.